గన్ ఇస్తే భయం పోదు, లెక్క మర్చిపోతే పోతుంది

కొత్త హారర్ గేమ్ ట్రైలర్ ఏదైనా వచ్చిందంటే చాలు, మా ఆఫీసులో గేమ్స్ ఆడే బ్యాచ్ రెండు జట్లుగా చీలిపోతుంది. ట్రైలర్‌లో హీరో చేతిలో షాట్‌గన్ కనపడగానే ఒక జట్టు "అయిపోయింది బాసూ, ఇది హారర్ కాదు, యాక్షన్" అని తీర్పు ఇచ్చేస్తుంది. రెండో జట్టు ఊరుకోదు. "ఆయుధం లేకుండా గంటల తరబడి బీరువాలో దాక్కోవడానికి వేలు పోసి గేమ్ కొనాలా?" అంటుంది. లంచ్ అయిపోతుంది, గొడవ మాత్రం తేలదు.

నాకైతే రెండు జట్లూ తప్పు చోట వెతుకుతున్నట్టు అనిపిస్తుంది. యాక్షన్ ఒక వైపు, భయం ఇంకో వైపు పెట్టి తక్కెడలో తూచినట్టు మాట్లాడతారు. ఒకటి పెరిగితే రెండోది తగ్గాల్సిందే అన్నట్టు. కానీ సర్వైవల్ హారర్‌లో బాగా భయపెట్టిన గేమ్స్ చాలావాటిలో గన్ ఉంది, భయమూ ఉంది. అలాగే గన్ అస్సలు లేకపోయినా గంటకే బోర్ కొట్టినవీ ఉన్నాయి. నేను చూసేది ఒక్కటే: ఎదురుగా ఒక జాంబీ నిలబడితే "కాల్చాలా, వద్దా?" అని నేను ఆగి ఆలోచిస్తున్నానా? ఆలోచిస్తున్నంత సేపూ అది హారర్. ఆలోచించకుండా ట్రిగ్గర్ నొక్కేస్తున్నానంటే ఆ గేమ్‌లో ఎంత చీకటి పోసినా, ఎంత రక్తం పూసినా లాభం లేదు.

నెలాఖరు జీతంలాంటి బుల్లెట్లు

1996లో వచ్చిన మొదటి రెసిడెంట్ ఈవిల్‌ని ఇప్పుడు చూస్తే నవ్వొస్తుంది. డైలాగులు కామెడీగా ఉంటాయి, కెమెరా గది మూలలో మేకు కొట్టి బిగించినట్టు కదలదు, మన క్యారెక్టర్ యుద్ధ ట్యాంకులా తిరుగుతాడు. అయినా ఆ పాత బంగ్లా పనిచేసిందంటే కారణం లెక్క. క్రిస్‌తో ఆడితే జేబులో 6 స్లాట్లు, జిల్‌తో ఆడితే 8. గన్‌కి ఒకటి, బుల్లెట్లకి ఒకటి, గాయానికి వాడే హెర్బ్‌కి ఒకటి, తాళంచెవులకి ఒకటో రెండో. గేమ్ సేవ్ చేయాలన్నా టైప్‌రైటర్‌కి ఇంక్ రిబ్బన్ కావాలి, అది కూడా ఒక స్లాట్ తినేస్తుంది, పైగా దొరికేవి కొన్నే.

ఇప్పుడు కారిడార్‌లో ఒక జాంబీ ఉంది. చంపాలంటే నాలుగైదు బుల్లెట్లు. చంపకుండా పక్కనుంచి తప్పించుకుని పోవచ్చు, కానీ ఇదే దారిలో ఇంకా మూడుసార్లు రావాలేమో. ప్రతిసారీ కాటు తినే రిస్క్. నెలాఖరులో అకౌంట్‌లో పన్నెండు వందలు మిగిలి, బండిలో పెట్రోల్ అయిపోయి, ఫ్రెండ్ బర్త్‌డే కూడా వచ్చిందనుకోండి, ఎలా లెక్కేస్తాం? సరిగ్గా అలాగే. ఆ జాంబీని చూసి కలిగే భయంలో సగం దాని మొహం వల్ల కాదు, దాని ఖరీదు వల్ల.

2002లో ఇదే గేమ్‌ని రీమేక్ చేసినప్పుడు కాప్‌కామ్ ఇంకో మెలిక పెట్టింది. నేను దీన్ని ఈ జానర్‌లోనే అత్యంత తెలివైన ఐడియా అంటాను. జాంబీని చంపారా? సంతోషం. కానీ తల పేలకుండా, శవాన్ని కిరోసిన్ పోసి కాల్చకుండా వదిలేస్తే అది కొంతసేపటికి లేచి వస్తుంది. ఈసారి ఎర్రగా, గోళ్ళతో, పరుగెత్తుకుంటూ. వాటిని క్రిమ్సన్ హెడ్స్ అంటారు. కిరోసిన్ క్యాన్ మోయాలంటే మళ్ళీ ఒక స్లాట్ పోతుంది. అంటే గేమ్ మనకి గన్ ఇచ్చింది, వాడుకోనిచ్చింది, కానీ వాడాక కూడా మనశ్శాంతి ఇవ్వలేదు. గన్ తీసేసి భయపెట్టడం ఎవరైనా చేస్తారు. గన్ పేల్చాక భయం పెంచడం అంటే డిజైన్.

రెండో భాగం రీమేక్: నా లెక్కలో బెంచ్‌మార్క్

ఫోన్లకి గీక్‌బెంచ్ ఎలాగో, ఈ విషయంలో నాకు 2019 జనవరిలో వచ్చిన రెసిడెంట్ ఈవిల్ 2 రీమేక్ అలాగ. ఏ కొత్త హారర్ గేమ్ ఆడినా దీనితోనే పోల్చుకుంటాను. ఇందులో కెమెరా భుజం వెనక ఉంటుంది, గురి చూసి కాల్చడం చాలా స్మూత్‌గా ఉంటుంది. అంటే పైకి చూస్తే పక్కా యాక్షన్ గేమ్ కంట్రోల్స్. మరి భయం ఎక్కడిది?

మొదటిది, జాంబీ తలకి ఎన్ని బుల్లెట్లు కావాలో మనకి కచ్చితంగా తెలియదు. ఒక్కోసారి రెండో దెబ్బకే తల పగులుతుంది, ఒక్కోసారి ఆరు తగిలాక పడిపోయి, మనం పక్కనుంచి వెళ్తుంటే కాలు పట్టుకుంటుంది. ప్రోగ్రామర్‌గా ఇది నాకు భలే నచ్చింది. బుల్లెట్‌కి ఇంత డ్యామేజ్ అని ఫిక్స్‌డ్ నంబర్ ఉంటే ఆటగాడు రెండు గంటల్లో ఆ నంబర్ కనిపెట్టేస్తాడు, ఆ తర్వాత అది కూడికలు తీసివేతలే. కాస్త రాండమ్ కలిపితే ఆ లెక్క ఎప్పటికీ పూర్తికాదు. కావాలంటే తల వదిలేసి మోకాలి మీద కాల్చి కుంటిదాన్ని చేసి పోవచ్చు. అది కూడా ఒక నిర్ణయమే. చంపలేదు, కానీ ఈ కారిడార్‌కి టెంపరరీ ఫిక్స్ వేశాం.

రెండోది, కిటికీలు. పోలీస్ స్టేషన్ కిటికీల్లోంచి జాంబీలు లోపలికి వస్తుంటాయి. మూయడానికి చెక్కలు దొరుకుతాయి, కానీ అన్ని కిటికీలకీ సరిపోవు. ఏ దారిలో మనం ఎక్కువ తిరుగుతామో ముందే ఊహించి అక్కడ కొట్టాలి. ఇందులో జంప్ స్కేర్ లేదు, మ్యూజిక్ లేదు, చేతిలో చెక్క పట్టుకుని మ్యాప్ చూసుకుంటూ నిలబడటమే. ఆ గేమ్‌లో నా గుండె ఎక్కువగా కొట్టుకున్న క్షణాల్లో ఇదొకటి అంటే నమ్మరు.

మూడోది అందరికీ తెలిసిందే, మిస్టర్ ఎక్స్. కూలిన హెలికాప్టర్‌ని చేత్తో పక్కకి నెట్టి వచ్చే ఆరడుగులు దాటిన ఆ టోపీవాలా. వాడు చావడు. బాగా కాల్చితే మోకాలి మీద కూలబడి కొద్దిసేపు ఆగుతాడు, అంతే. అంటే అక్కడ బుల్లెట్లతో మనం కొనేది టైమ్ మాత్రమే. అదే సమయంలో తుపాకీ చప్పుడు విని వాడు మనవైపే వస్తాడు. అప్పటిదాకా ఏ గదిలో ఏ జాంబీని కాల్చకుండా వదిలేశామో, బుల్లెట్లు పొదుపు చేశామని ఎక్కడ మురిసిపోయామో, ఆ అప్పులన్నీ ఒకేసారి వసూలుకి వస్తాయి. పైఅంతస్తులో బూట్ల చప్పుడు, ముందు కారిడార్‌లో వదిలేసిన లిక్కర్, చేతిలో మూడు షాట్‌గన్ గుళ్ళు. ఇది యాక్షన్ సీనా, హారర్ సీనా? ఆ ప్రశ్న అడిగే తీరిక ఆడేవాడికి ఉండదు.

2020లో వచ్చిన మూడో భాగం రీమేక్‌లో ఇదే ఇంజిన్, ఇంచుమించు ఇవే కంట్రోల్స్. వెంటాడేవాడు నెమెసిస్, మిస్టర్ ఎక్స్ కన్నా వేగం, బలం ఎక్కువ. కానీ వాడు ఎక్కువగా స్క్రిప్ట్ ప్రకారమే వస్తాడు: ఇక్కడ పరిగెత్తు, ఇక్కడ తప్పుకో, ఇక్కడ బాస్ ఫైట్. మనం నిర్ణయించుకునేది తక్కువ. అందుకే వాడు పెద్దగా అరిచినా, వీడి బూట్ల చప్పుడంత కూడా భయపెట్టలేదు.

నాలుగో భాగాన్ని ఎక్కడ పెట్టాలి?

ఈ వాదన వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు 2005 నాటి రెసిడెంట్ ఈవిల్ 4 పేరు తీస్తారు. "అది యాక్షనే కదా, అయినా క్లాసిక్ కదా?" అని. నిజమే. షింజి మికామి దర్శకత్వంలో వచ్చిన ఆ గేమ్‌లో బుల్లెట్లకి పెద్ద కరువు లేదు, చంపినవాళ్ళ దగ్గర దొరుకుతూనే ఉంటాయి. అయినా ఊళ్ళోకి మొదటిసారి అడుగుపెట్టినప్పుడు, గుంపంతా చుట్టుముట్టి, ఎక్కడో రంపం స్టార్ట్ అయిన చప్పుడు వినిపిస్తే చెమటలు పడతాయి.

దానికి కారణం ఒక చిన్న రూల్. లియాన్ గన్ ఎత్తితే కదల్లేడు. కాల్చాలంటే నిలబడాలి, పరిగెత్తాలంటే గన్ దించాలి. చాలామంది దీన్ని పాతకాలం కంట్రోల్స్ అని కొట్టిపారేస్తారు. నేను ఒప్పుకోను. ఇక్కడ బుల్లెట్ చవకే, కానీ నిలబడటం ఖరీదు. ఖర్చు ఒక చోట నుంచి ఇంకో చోటికి మారింది, పోలేదు. దాని పైన ఆట మన పనితీరు చూసి గుట్టుగా కష్టాన్ని పెంచుతూ తగ్గిస్తూ ఉంటుంది. బాగా ఆడుతుంటే శత్రువులు దూకుడు పెంచుతారు, పదేపదే చస్తుంటే మెత్తబడతారు. స్క్రీన్ మీద ఎక్కడా చెప్పదు. అందుకే ఆ గేమ్ చాలామందికి "జస్ట్ మిస్‌లో బతికాను" అన్న ఫీలింగ్ ఇచ్చింది.

2023 రీమేక్‌లో కదులుతూ కాల్చవచ్చు. పాత రూల్ తీసేశారు కాబట్టి ఏదో ఒకటి దాని స్థానంలో పెట్టాలి కదా, కత్తి పెట్టారు. రంపాన్ని కూడా కత్తితో అడ్డుకోవచ్చు, కానీ కత్తి అరిగిపోతుంది. మళ్ళీ అదే లెక్క: ఇప్పుడు వాడేయాలా, బాస్ కోసం దాచాలా? బాగుంది. నా మటుకు పాత దాంట్లోని నిస్సహాయత రాలేదు కానీ, ఖర్చు అనేది లేకుండా పోనివ్వకూడదని ఆ టీమ్‌కి తెలుసు.

ఆ తర్వాతి రెండు భాగాలకే అది గుర్తులేదు. 2009లో వచ్చిన ఐదో భాగాన్ని ఎండలో తీశారు కాబట్టి భయం పోయిందంటారు. ఎండ పాపం ఏం చేసింది? పక్కన షేవా ఉంది. పక్కన మనిషి ఉంటే సగం భయం అక్కడే పోతుంది, మిగతా సగం ఆమె "ఇదుగో బుల్లెట్లు" అని ఇచ్చినప్పుడు పోతుంది. ఫ్రెండ్‌తో కో-ఆప్‌లో ఆడితే మాత్రం సూపర్ టైమ్‌పాస్, ఆ విషయంలో నాకు ఏ పేచీ లేదు. 2012 నాటి ఆరో భాగం ఇంకా ముందుకెళ్ళింది. గన్ ఎందుకు, తన్నులతోనే గుంపుని చిత్తు చేసేయొచ్చు. పేలుళ్ళు, ఛేజింగులు, బటన్లు టపటపా నొక్కే సీన్లు. చేతిలో ఎన్ని బుల్లెట్లున్నాయో చూసుకోకుండానే లెవెళ్ళు దాటేశాను.

ఇక్కడ ఒక చేదు నిజం ఉంది. ఆ ఐదు, ఆరు కాప్‌కామ్ చరిత్రలో బాగా అమ్ముడైన గేమ్స్ లిస్టులో ఉన్నాయి. కాబట్టి "యాక్షన్ పెంచితే ఎవరూ కొనరు" అనే వాదన నిలవదు, కొంటారు. కానీ 2017లో కంపెనీ ఏడో భాగంతో మళ్ళీ ఒక ఇరుకు ఇంట్లోకి, ఫస్ట్ పర్సన్ కెమెరాలోకి వెనక్కి వచ్చింది. ఆ ఏడో భాగం, రెండో భాగం రీమేక్ రెండూ కోటి కాపీలు దాటాయి. అంటే భయపెట్టినా కొంటారు. మార్కెట్ అడిగింది కాబట్టే యాక్షన్ పెంచామని చెప్పే కంపెనీలకి నేను ఇదే చూపిస్తాను.

2021లో విలేజ్ వచ్చినప్పుడు ప్రొడ్యూసర్ త్సుయోషి కండా ఒక ఇంటర్వ్యూలో, ఏడో భాగం మరీ భయంగా ఉందని కొందరు ఆడలేకపోయారని, అందుకే ఈసారి టెన్షన్ కాస్త సడలించామని చెప్పారు. అది గేమ్‌లో స్పష్టంగా కనపడుతుంది. డ్యూక్ అనే లావుపాటి వ్యాపారి దగ్గర డబ్బు ఇస్తే బుల్లెట్లు దొరుకుతాయి. బెనెవియెంటో ఇంట్లో మాత్రం ఆయుధాలన్నీ లాగేసుకుని ఒక అరగంట ప్రాణం తీస్తారు, తర్వాత ఫ్యాక్టరీకి వచ్చేసరికి పక్కా షూటింగ్. భయం ఒక గదిలో, యాక్షన్ ఇంకో గదిలో. థాలీలో వేర్వేరు గిన్నెల్లో వడ్డించినట్టు. ఏ గిన్నెకి ఆ గిన్నె రుచిగానే ఉంది, కానీ బ్యాలెన్స్ అంటే అది కాదు. రెండో భాగం రీమేక్‌లో కలిపి వండారు.

అసలు గన్ లేకపోతే?

మా రెండో జట్టుకి కూడా న్యాయం చేయాలి. 2010లో అమ్నీసియా: ది డార్క్ డిసెంట్, 2013లో అవుట్‌లాస్ట్ వచ్చాక ఆయుధం లేని హారర్ ఒక ఫ్యాషన్ అయింది. పరిగెత్తు, దాక్కో, ఊపిరి బిగబట్టు. మొదటిసారి రాక్షసుడు కనపడినప్పుడు నిజంగానే ఒళ్ళు జలదరిస్తుంది. కానీ అదే చోట మూడోసారి చచ్చాక ఏమవుతుంది? వాడు ఎడమ నుంచి వస్తాడు, తలుపు దాకా నడుస్తాడు, తిరిగి వెళ్తాడు. సిటీ బస్సు టైమింగ్స్ తెలిసిపోయినట్టే. మన దగ్గర ఉన్నది ఒకే ఒక్క జవాబు: దాక్కోవడం. ఆరో భాగంలో ప్రతిదానికీ జవాబు తన్నడం అయితే, ఇక్కడ ప్రతిదానికీ జవాబు బీరువా. రెండు చోట్లా ఆలోచించాల్సిన పని లేదు. అందుకే ఎదురెదురుగా ఉన్నట్టు కనపడే ఈ రెండు రకాలూ నాకు ఒకే జబ్బుతో బాధపడుతున్నట్టు అనిపిస్తాయి.

ఇది నా ఒక్కడి గోల కాదనడానికి సాక్ష్యం ఆ అమ్నీసియా తీసిన ఫ్రిక్షనల్ గేమ్స్ వాళ్ళే. 2023లో అమ్నీసియా: ది బంకర్ తెచ్చారు. మొదటి ప్రపంచ యుద్ధం, ఫ్రెంచ్ సైనికుడు ఒక్కడు, బంకర్‌లో ఒక మృగం. ఈసారి చేతికి రివాల్వర్ ఇచ్చారు! ఏమైంది? పాతవాటికన్నా ఎక్కువ భయపెట్టింది. బుల్లెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. ఎన్ని మిగిలాయో స్క్రీన్ మీద నంబర్ రాదు, బటన్ పట్టుకుని సిలిండర్ తెరిచి కళ్ళతో చూసుకోవాలి. కాల్చితే మృగం కాసేపు పారిపోతుంది, చావదు. తాళం వేసిన తలుపుని పేల్చుకోవచ్చు, ఆ చప్పుడుకి అదే మృగం వస్తుంది. జనరేటర్‌లో పెట్రోల్ ఉన్నంతసేపే లైట్లు. టార్చ్ లైట్ కూడా తాడు లాగి తిప్పాలి, అది గరగరమంటుంది. ఒక్క రివాల్వర్‌తో ఆటగాడికి పది ప్రశ్నలు వేశారు. గన్ ఇస్తే హారర్ చచ్చిపోతుందనే మా మొదటి జట్టుకి ఈ గేమ్ పేరు చెప్పి వదిలేస్తాను.

లోపల ఏం కోడ్ నడుస్తోంది?

డే జాబ్ వల్లనేమో, భయం వెనక లాజిక్ తెలుసుకోవాలనే దురద నాకు ఎక్కువ. ఈ విషయంలో 2014లో క్రియేటివ్ అసెంబ్లీ తీసిన ఏలియన్: ఐసోలేషన్ ఒక పాఠ్యపుస్తకం. అందులో ఏలియన్‌ని నడిపేవి రెండు వేర్వేరు సిస్టమ్స్. పైన ఉన్న డైరెక్టర్‌కి మనం ఎక్కడున్నామో ఎప్పుడూ తెలుసు. కింద ఉన్న ఏలియన్‌కి తెలియదు, అది తన కళ్ళు, చెవులు వాడి వెతకాలి. డైరెక్టర్ దానికి అడ్రస్ చెప్పదు, "ఆ వీధిలో ఎక్కడో ఉన్నాడు, వెళ్ళు" అన్నట్టు ఒక ఏరియా చెప్తుంది. పైగా ఏలియన్ మన దగ్గర్లో ఎంతసేపు తిరిగిందో చూస్తూ టెన్షన్ కొలుస్తుంది. అది మరీ పెరిగిపోతే ఏలియన్‌ని కాసేపు పైపుల్లోకి పంపించేస్తుంది.

ఆ చివరి ముక్క చాలా ముఖ్యం. భయానికి విశ్రాంతి కావాలి. రెస్ట్ లేకుండా నడిపితే ఫోన్ ప్రాసెసర్ వేడెక్కి స్పీడ్ తగ్గించుకుంటుంది కదా, మన మెదడు కూడా అంతే, కాసేపటికి పట్టించుకోవడం మానేస్తుంది. పాత గేమ్స్‌లో సేవ్ రూమ్‌లు, మెత్తటి మ్యూజిక్ ఎందుకు పెట్టారో ఇక్కడ అర్థమవుతుంది. ఆ గేమ్‌లో ఆయుధాలు ఉన్నాయి. ఫ్లేమ్‌త్రోవర్ కాల్చితే ఏలియన్ వెనక్కి తగ్గుతుంది, కానీ ఇంధనం కొంచెమే, పైగా ఆట సాగేకొద్దీ అది దానికి అలవాటుపడుతుంది. మొన్న పనిచేసిన ఉపాయం ఈరోజు పనిచేయదు. గేమ్ ఉండాల్సినదానికన్నా పొడవు, చివరి మూడో వంతు లాగారు, అది వేరే కంప్లయింట్.

డెడ్ స్పేస్ కథ ఇంకో రకం. 2008లో మొదటిది వచ్చినప్పుడు చేతిలో ఉన్నది నిజానికి గన్ కాదు, గనుల్లో వాడే ప్లాస్మా కట్టర్. తలకి కాల్చితే లాభం లేదు, కాళ్ళూ చేతులూ కోయాలి. అంటే ఇరవై ఏళ్ళుగా షూటింగ్ గేమ్స్ మన వేళ్ళకి నేర్పిన అలవాటునే పనికిరాకుండా చేశారు. 2013లో మూడో భాగానికి వచ్చేసరికి అన్ని గన్లకీ ఒకే రకం బుల్లెట్లు, పక్కన కో-ఆప్ పార్ట్‌నర్. ఏ గన్‌కి ఏ బుల్లెట్లు దాచాలన్న తలనొప్పి పోయింది, దానితో పాటే భయమూ పోయింది. తర్వాత ఆ సిరీస్ నుంచి పెద్ద గేమ్ రావడానికి 2023 దాకా ఆగాల్సి వచ్చింది, అదీ మొదటి భాగం రీమేక్. ఈలోగా 2017లో ఆ స్టూడియో విసరల్ గేమ్స్‌నే మూసేశారు.

ఇప్పుడు ఇవన్నీ జేబులోకి వచ్చాయి

మన సైట్‌కి సంబంధించిన సంగతి ఇదే. ఏలియన్: ఐసోలేషన్ 2021 డిసెంబర్‌లోనే ఆండ్రాయిడ్, ఐఫోన్లకి వచ్చేసింది, ఫోన్ గేమ్స్‌లో ఇంత శ్రద్ధగా చేసిన పోర్ట్ నేను ఇంకోటి చూడలేదు. 2023లో ఐఫోన్ 15 ప్రోతో పాటు రెసిడెంట్ ఈవిల్ విలేజ్, తర్వాత నాలుగో భాగం రీమేక్, 2024లో ఏడు, రెండు వరసగా ఐఫోన్‌కి వచ్చాయి. ఫ్రేమ్ రేట్ ఎంత, ఎంత వేడెక్కింది, బ్యాటరీ ఎంతసేపు వచ్చింది అని అందరం రివ్యూలు చేశాం. ఫోన్‌లో ఆ గేమ్ ఇంకా భయపెడుతోందా అని మాత్రం పెద్దగా ఎవరూ అడగలేదు.

గ్లాస్ మీద బొటనవేళ్ళతో గురిపెట్టడం కష్టం. అందుకని రెండో భాగం ఐఫోన్ వెర్షన్‌లో ఆటో ఎయిమ్, ఆటో ఫైర్ ఇచ్చారు. ఈ రెండింటినీ ఒకే గాటన కట్టకండి. ఆటో ఎయిమ్ మన వేళ్ళకి సాయం చేస్తుంది. టచ్ స్క్రీన్ మీద అది న్యాయమే, గురి తప్పడం వల్ల పుట్టే చిరాకుని భయం అనరు. కానీ ఆటో ఫైర్, జాంబీ మీద గురి కాసేపు నిలిస్తే చాలు, తనంతట తానే కాల్చేస్తుంది. కాల్చాలా వద్దా అనే ఆ ఒక్క క్షణం ఉంది చూశారా, ఇంతసేపూ నేను గింజుకుంటున్నది దాని గురించే, దాన్ని మన చేతిలోంచి తీసుకుని ఫోన్ తన చేతిలో పెట్టుకుంటుంది. మోకాలి మీద కాల్చాలా, వదిలేసి పరిగెత్తాలా, ఆ చివరి రెండు గుళ్ళు మిగుల్చుకోవాలా అన్నది ఇక సాఫ్ట్‌వేర్ ఇష్టం. గ్రాఫిక్స్ అవే, చీకటి అదే, మిస్టర్ ఎక్స్ బూట్లు అవే. గేమ్ మాత్రం అది కాదు. వేళ్ళు సరిగా కదపలేనివాళ్ళకి అలాంటి ఆప్షన్ ఉండటం చాలా అవసరం, ఉండాలి కూడా. మిగతావాళ్ళు దాన్ని సౌకర్యం అనుకుని ఆన్‌లో ఉంచేస్తే ఆ గేమ్‌కి పెట్టిన డబ్బులో సగం వృథా.

కాబట్టి ఫోన్‌లో ఆడేవాళ్ళు ఒక చవక బ్లూటూత్ కంట్రోలర్ అయినా కొనుక్కోండి, ఇయర్‌ఫోన్స్ మాత్రం వైర్డ్ వాడండి, బూట్ల చప్పుడు లేటుగా వినపడితే ప్రాణం పోతుంది. మొదటిసారి స్టాండర్డ్‌లో మొదలుపెట్టండి, అసిస్టెడ్ మోడ్ జోలికి వెళ్ళొద్దు, అందులో ఆరోగ్యం కొంత దానంతట అదే కోలుకుంటుంది. ఒకసారి పూర్తయ్యాక హార్డ్‌కోర్‌కి వెళ్ళండి. అక్కడ ఆటోసేవ్ ఉండదు, 1996లో లాగే ఇంక్ రిబ్బన్ వెతుక్కోవాలి. ల్యాప్‌టాప్ పాతదైతే 2022లో వచ్చిన సిగ్నాలిస్ ట్రై చేయండి. పాత ప్లేస్టేషన్ బొమ్మల స్టైల్, పెద్ద గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, జేబులో ఆరే స్లాట్లు. మూడో గంటలో ఒక తలుపు ముందు నిలబడి, బుల్లెట్లు పెట్టెలో వదిలేసి తాళంచెవి తీసుకోవాలా, తాళంచెవి వదిలేసి బుల్లెట్లు తీసుకోవాలా అని మీరు ఐదు నిమిషాలు కొట్టుకుంటారు. అప్పుడు మా జట్ల గొడవలో మీరు ఎటువైపో నాకు చెప్పండి.